అ రాని కీబోర్డు

మా హాస్టల్లో చదివి ఉద్యోగంలో చేరిన ఒక సీనియర్ అన్న, పోయిన వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తన పాత మెకానికల్ కీబోర్డు మా గదికి ఇచ్చి వెళ్లాడు. మొత్తం 87 మీటలు. చవక కీబోర్డులో మీటలన్నిటి కింద ఒకే రబ్బరు పొర ఉంటుంది. ఇందులో ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్, దానిలో ఒక స్ప్రింగు. జర్మనీలోని చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన నమూనా అది. మాది దానికి చైనా నకలు. నీలి స్విచ్‌లు కాబట్టి నొక్కినప్పుడల్లా టిక్కుమంటుంది.

ఈ సంచిక వ్యాసాలు టైపు చేసే పని మా నలుగురి మీద పడింది. సగంలో ఉండగా డి మీట పనిచేయడం మానేసింది. ఇంగ్లీషులో అయితే ఒక్క అక్షరమే పోయేది. మేము కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో. అందులో డి నొక్కితే పొల్లు, షిఫ్టుతో కలిపి నొక్కితే అ. పొల్లు లేనిదే ఒత్తు పడదు. ‘అమ్మ’ అని కొడితే ‘మమ’ అని వచ్చింది. నవ్వుకున్నాం గానీ ప్రెస్సుకు ఇవ్వడానికి నాలుగు రోజులే ఉంది. షాపులో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. నలుగురి కాస్మోటిక్ ఛార్జీలు కలిపినా ఆ ధర రాదు.

మాలో ఒకడు సెలవుల్లో సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకున్నాడు. వాడి ధైర్యంతోనే కీబోర్డు విప్పాం. బోర్డు వెనక ఆ స్విచ్ కాళ్లు రెండింటినీ పిన్నీసుతో కలిపితే తెరమీద అక్షరం పడింది. అంటే బోర్డు బాగానే ఉంది, పోయింది స్విచ్చే. మరి ఇంకో స్విచ్ ఎక్కడిది? స్క్రోల్ లాక్ మీట దేనికో మాకెవరికీ తెలియదు, ఎవరమూ నొక్కిందీ లేదు. దాని స్విచ్ ఊడదీసి డి కింద పెట్టాలనుకున్నాం. టంకం కరిగించేటప్పుడు వేడి ఎక్కువై రాగి పొర లేచిపోయింది. ఆ క్షణం ఎవరమూ మాట్లాడలేదు. చివరికి పాత ఛార్జరు వైరులోంచి ఒక పోగు తీసి అతికించాం. ‘అమ్మ’ పడింది.

విప్పింది విప్పాం కదా అని, చప్పుడు తగ్గడానికి లోపల స్పాంజి పరిచాం. దబదబ తగ్గింది గానీ టిక్కు తగ్గలేదు. అది స్విచ్ లోపలే పుట్టే శబ్దం. అందుకే రాత్రి పదయ్యాక వరండాలో కూర్చుని కొట్టేవాళ్లం. పరీక్షలకు చదువుకుంటున్న తమ్ముళ్లు విసుక్కున్నారు, న్యాయమే. మీటల మీద గోళ్ల రంగుతో రాసిన తెలుగు అక్షరాలు రెండు వారాల్లో చెరిగిపోయాయి. ఇప్పుడు కాగితం ముక్కలు అంటించి, పైన టేపు వేశాం.

స్క్రోల్ లాక్ చోట గుంట అలాగే ఉంది. ఇది చదివే అన్నల దగ్గర పాత నీలి స్విచ్ ఒకటి ఉంటే, ఈసారి వచ్చేటప్పుడు తెచ్చిపెట్టండి. రెండైతే ఇంకా మంచిది. సి మీట కూడా అప్పుడప్పుడు మొరాయిస్తోంది, అది మ.