నిన్నటి నీళ్ళు

మా ఇంట్లో నిన్నటి నీళ్ళు అనే మాటే వినపడకూడదు. తెల్లవారి లేవగానే బిందెలో, కూజాలో, ఆఖరికి దేవుడి దగ్గర పంచపాత్రలో మిగిలినవి కూడా తులసికోటలో పారబోసి, కొత్త నీళ్ళు పట్టుకున్నాకే పొయ్యి వెలిగించాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాడు బద్ధకించి రాత్రి నీళ్ళతోనే కాఫీ పెట్టాను. మా అత్తమ్మ గ్లాసు నోటిదాకా కూడా తీసుకుపోకుండానే కనిపెట్టేసింది. "తుంగభద్ర పక్కన ఉండి నిన్నటి నీళ్ళు తాగే గతి మనకెందుకొచ్చిందమ్మా?" అంది. మంత్రాలయంలో ఆ మాటకు ఎదురు లేదు. గంగాస్నానం, తుంగాపానం అన్నారు కదా పెద్దలు! ఎండాకాలంలో నదిలో నీళ్ళకంటే బండలే ఎక్కువ కనబడే రోజుల్లో కూడా ఆవిడ ఆ సామెతను వదలదు.

ఇంత ఆచారంగల ఇంటికి 2024 వేసవిలో ఒక చేప వచ్చింది. వండుకోవడానికి కాదులెండి, పెంచుకోవడానికి! మా చిన్నవాడు పదో తరగతి పాసయిన సంతోషంలో, వాళ్ళ తాత ఇచ్చిన డబ్బుతో కర్నూలులో కొనుక్కొచ్చాడు. ఫైటర్ చేప అంటారు. అసలు పేరు బెట్టా. పుట్టిల్లు థాయిలాండు వైపు వరిమళ్ళూ, లోతులేని కుంటలూనట. ఆ దేశంవాళ్ళు 2019లో దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారని మావాడు గొప్పగా చెప్పాడు, తానే ప్రకటించినట్టు. నీలం ఒళ్ళు, ఎర్ర అంచు, పట్టుచీర కుచ్చిళ్ళలాంటి తోక. అద్దం చూపిస్తే ఇంకో మగచేప వచ్చిందనుకుని మొప్పలు విప్పి మీదికి పోయేది. కర్నూలునుంచి వచ్చింది, దర్జా చూస్తే అలా ఉంది, అందుకని 'నవాబు' అని పేరు పెట్టాడు. నాలుగు లీటర్ల గాజు తొట్టిలో, వరండా గూట్లో కొలువు.

జూన్‌లో వాణ్ణి కర్నూలులో ఇంటర్మీడియెట్‌లో చేర్చి హాస్టల్లో వదిలి వచ్చాం. ఫోను ఆదివారం ఒక్కరోజే, అదీ పది నిమిషాలు. పోతూ పోతూ నాకొక కాగితం రాసిచ్చాడు. రోజుకు నాలుగు గింజలు, అంతకు మించి వద్దు. శుక్రవారం ఉపవాసం. నీళ్ళు మొత్తం మార్చకూడదు, మూడోవంతు తీసి పోస్తే చాలు. ఆఖరి మాట కింద రెండు గీతలు: 'నిన్నటి నీళ్ళే పొయ్యాలి.'

చదివి నవ్వుకున్నాను. వాడున్నన్నాళ్ళూ రాత్రిపూట వరండాలో ఒక బకెట్టు నీళ్ళు మూత లేకుండా పెట్టేవాడు. దోమలు గుడ్లు పెడతాయిరా అని నేను రోజూ తిట్టేదాన్ని. పొద్దున లేచి పట్టుకోవడానికి బద్ధకమై ముందురోజే పట్టిపెట్టుకుంటున్నాడని నా నమ్మకం. మగపిల్లలకు శుభ్రం ఏం తెలుస్తుంది! ఇక చేప నా చేతికొచ్చింది కదా, నా పద్ధతి మొదలుపెట్టాను. మూడు రోజులకొకసారి నవాబును స్టీలు గ్లాసులోకి మార్చి, తొట్టిని సబ్బుపొడితో తోమి, అడుగున ఉండే గులకరాళ్ళను బ్రష్షుతో రుద్ది, కుళాయి నీళ్ళు ధారగా అప్పటికప్పుడు పట్టి నింపేదాన్ని. నాలుగు గింజలేమిటి పాపం, పక్షికైనా చాలవని పది వేసేదాన్ని. తొట్టి చూస్తే అద్దంలా ఉండేది. పక్కింటామె "అక్కా, చేపలతొట్టి ఇంత శుభ్రంగా ఎవరింట్లోనూ చూడలే" అంటే ఆ పూటంతా నా కాళ్ళు నేలమీద లేవు.

ఆగస్టు వచ్చేసరికి నవాబు దర్జా పోయింది. అడుగున రాళ్ళమీద పడుకునేవాడు. గాలికోసం పైకొచ్చి ఒక గుటక మింగి మళ్ళీ కిందికి. తోక అంచులు నల్లబడి, చిరిగిన జరీలా పోగులు పోగులుగా వచ్చాయి. అద్దం చూపిస్తే మొహం తిప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, ఆగస్టు 10 రాత్రి, హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయింది. తెల్లవారితే ఆదివారం. నది ఒడ్డు ఊళ్ళకు హెచ్చరికలు. 2009 అక్టోబరు వరదలో మఠంలోకీ వీధుల్లోకీ నీళ్ళొచ్చిన ఊరు మాది. ఎవరి నోట విన్నా అదే మాట. మా వారు గంటకోసారి వెళ్ళి మెట్లు లెక్కపెట్టి వస్తున్నారు. ఆ గొడవలో మావాడి ఫోను. నది సంగతి అడుగుతాడనుకున్నాను. "నవాబు ఎట్లున్నాడమ్మా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉన్నాడు. నువ్వెట్లున్నావు నాన్నా?"

"నేనూ బ్రహ్మాండం."

ఫోను పెట్టేశాక వరండా వైపు చూడబుద్ధి కాలేదు.

తర్వాతి వారం రాఘవేంద్రస్వామి ఆరాధన. శ్రావణ బహుళ విదియ వచ్చిందంటే ఊళ్ళో కాలు పెట్టే చోటుండదు, మా ఇల్లు సరేసరి. బళ్ళారి పెద్దమ్మ, ఆదోని మరిది కుటుంబం, అనంతపురం నుంచి ఇంకెవరో, వాళ్ళతో వచ్చిన ఇంకెవరో. మనిషికి జలుబు చేస్తేనే వచ్చినవాళ్ళంతా వైద్యులవుతారు. చేపకు జబ్బంటే ఊరుకుంటారా? మరిది ఆదోనిలో ఒక కొట్టునుంచి బులుగు మందు తెచ్చాడు, మిథిలీన్ బ్లూ అట. సీసా మీద కొలత ఉన్నా చదివే తీరిక లేక ధారాళంగా పోశాడు. పెద్దమ్మ పుండుకు పసుపు మించింది లేదని, అందరూ నిద్రపోయాక చిటికెడు వేసింది. తెల్లారి చూస్తే తొట్టి ఆకుపచ్చగా ఉంది! దాంతో నేను కంగారుపడి మొత్తం పారబోసి, తెలిసిన పద్ధతిలోనే మళ్ళీ తోమాను. ఈసారి కుళాయి నీళ్ళెందుకని ప్లాంటు నీళ్ళ క్యాను వంచాను. మనుషులు తాగేవే కదా! సాయంత్రానికి నవాబు ఒక పక్కకు ఒరిగిపోయాడు.

మా అత్తమ్మ మఠంనుంచి తెచ్చిన మృత్తిక పట్టుకుని వచ్చింది. నాకు గుండె జారింది. వద్దనడానికి నోరు రాదు, సరే అంటే ఇంకో పదార్థం నీళ్ళలో పడుతుంది. అత్తమ్మ నా మొహం చూసింది, తొట్టి చూసింది. ఏమనుకుందో, "దీని తరఫున నేను తీసుకుంటాలే" అని చిటికెడు తీర్థంలో వేసుకుని తాగేసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

అన్నట్టు, ఆ మధ్యలో 18వ తేదీ ఆదివారం కూడా వచ్చింది. రెండో అబద్ధం కూడా చెప్పాను.

ఉత్తరారాధన నాడు భోజనానికి మా వీధి చివర సైన్సు సారు వచ్చారు. రిటైరై చాలా ఏళ్ళయింది. చేప సంగతి చెబితే ఈయన ఏ మందు చెబుతారో అని కాగితం, కలం తెచ్చుకున్నాను. ఆయన మందు ఊసే ఎత్తలేదు.

"నీళ్ళేవమ్మా?" అన్నారు.

చెప్పాను. ఎన్నాళ్ళకు మారుస్తావు, ఎంత తీస్తావు, ఎక్కడివి, పట్టి ఎంతసేపయ్యాక పోస్తావు అని వరసగా అడిగారు. డాక్టరు ముందు కూర్చున్నట్టే ఉంది. అన్నీ విని, "కుళాయి నీళ్ళలో బ్లీచింగు పొడి కలుపుతారు కదా. మన ఆరోగ్యానికి అది కావాలి. వానాకాలం కాస్త ఎక్కువే కావాలి. కాని అందులోని క్లోరిను చేప మొప్పల్ని కాలుస్తుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా తెరిచి ఉంచితే ఆ ఘాటు గాలిలో కలిసిపోతుంది. ఫొటో స్టూడియోల్లో హైపో అని వాడేవాళ్ళే, అదొక్క పలుకు వేస్తే అప్పటికప్పుడే విరిగిపోతుంది. అది లేకపోతే నిన్నటి నీళ్ళే మందు" అన్నారు.

నా చేతిలో కలం ఆగిపోయింది.

ఆయన ఇంకా చెప్పుకుపోతున్నారు. ఈ చేప పైకొచ్చి గాలి పీల్చగలదు కాబట్టి సీసాలోనైనా బతుకుతుందని అనుకుంటారు. గాలి సరే, అది విసర్జించిందీ, తినగా మిగిలిందీ కుళ్ళి అమ్మోనియా అవుతుంది, దాన్నెక్కడికి పంపుతాం? రాళ్ళకు జిగురుగా ఒక పొర పడుతుంది, అందులో ఉండే సూక్ష్మజీవులు ఆ విషాన్ని విరగ్గొడతాయి.

"ఆ జిగురే సార్, నేను బ్రష్షుతో..."

"అవునమ్మా" అన్నారు సారు, చాలా మెత్తగా. తిట్టినా బాగుండేది.

ప్లాంటు నీళ్ళలో లవణాలన్నీ తీసేస్తారు, మన నీళ్ళేమో గిన్నెలకు సున్నంలా తెల్లటి చారలు కట్టే రకం. దాంట్లోంచి దీంట్లోకి ఒక్కసారిగా పడేస్తే ఆ చిన్న ప్రాణం తట్టుకోలేదు. బులుగు మందు బూజు తెగుళ్ళకు పనికొస్తుంది, కాని ఆ మంచి పొరనూ చంపేస్తుంది. రెక్కలు కుళ్ళడానికి చాలాసార్లు మూలం నీళ్ళే, ముందు అవి బాగుచేసి చూడాలి, దానికీ తగ్గకపోతే అప్పుడు మందు. ఇదీ ఆయన చెప్పింది. ఇన్ని మందుల్లో ఆయన ఒప్పుకున్నవి రెండే. ఒకటి, ఏమీ కలపని రాళ్ళ ఉప్పు: నాలుగు లీటర్లకు ఒక చెంచా, అదీ తలకొట్టి, విడిగా కరిగించి కొద్దికొద్దిగా. వారం పది రోజులకు మించి వద్దు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది కాబట్టి, తగ్గిన నీళ్ళకు బదులు మళ్ళీ ఉప్పునీళ్ళు పొయ్యకూడదు. రెండోది బాదం చెట్టుకింద పండి, ఎండి రాలిన ఆకు. పప్పు తినే బాదం కాదు, మన వీధుల్లో నీడకు పెంచుతారే అది. కడిగి వేస్తే నీళ్ళు పలచటి టీ రంగుకు వస్తాయి. థాయిలాండు వైపు ఈ చేపలు పెంచేవాళ్ళు ఎప్పటినుంచో వాడతారట. మా పెద్దమ్మ పసుపు మాత్రం ఏ జాబితాలోనూ లేదు. ఆవిడతో ఆ మాట చెప్పే పని మా వారికి అప్పగించాను.

ఆ రాత్రి వరండాలో బకెట్టు పెట్టాను. మూత లేకుండా. నిద్రపట్టక మధ్యలో లేచి చూస్తే అదే చోట, అదే ఎర్ర బకెట్టు. వాడు అక్కడే వంగి నిలబడి ఉన్నట్టనిపించింది. ఎన్ని రాత్రులు తిట్టానో! ఒక్కసారైనా ఎందుకురా అని అడిగి ఉంటే చెప్పేవాడు కదా. అడగలేదు. రెండు గీతలు గీసి రాసిచ్చినా చదవలేదు.

25వ తేదీ ఆదివారం ఫోను మోగగానే, వాడు అడగకముందే మొత్తం చెప్పేశాను. సబ్బుపొడి, పది గింజలు, ఆకుపచ్చ నీళ్ళు, రెండు అబద్ధాలు, అన్నీ. అవతల చప్పుడు లేదు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను.

"ఇప్పుడు రోజూ ఎన్ని నీళ్ళు తీస్తున్నావు?" అన్నాడు చివరికి.

"రోజు విడిచి రోజు, నాలుగోవంతు."

"చాలు. ఉప్పు తూచి వేసినావా?"

"తలకొట్టి చెంచా."

మళ్ళీ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, నాకూ ఇక్కడ నీళ్ళు పడలేదే" అన్నాడు. పన్నెండు రోజులనుంచి కడుపు బాగాలేదట. తిన్నది ఇమడటం లేదట. చెబితే నేను బాధపడతానని, చదువు మాన్పించి తీసుకుపోతామని చెప్పలేదట. బ్రహ్మాండం అన్నాడు కదా, నాలాగే.

మర్నాడు కృష్ణాష్టమి. పండగపూట ఇల్లు వదిలి పోవడమా అని నేను తటపటాయిస్తుంటే అత్తమ్మే సంచి సర్దింది. "కృష్ణుడు ఏడాదికొకసారి వస్తాడు, వాడు మాత్రం ఒక్కడే ఉన్నాడు యాడనో" అంది. ఏం తర్కమో నాకు అర్థం కాలేదు కాని బస్సెక్కాను. యెమ్మిగనూరు మీదుగా కర్నూలు చేరేసరికి మధ్యాహ్నమైంది. పిల్లవాడు సగమయ్యాడు. డాక్టరుకు చూపించాను. ఆయనా మొదట అదే ప్రశ్న అడిగారు, నీళ్ళెక్కడివి తాగుతున్నావని. మందులిచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళు తాగమన్నారు. హాస్టలు వార్డెనుతో మాట్లాడి, ఒక కరెంటు కెటిలు పెట్టుకోవడానికి ఒప్పించి, పెరుగన్నం దగ్గరుండి తినిపించి, సాయంత్రం బస్సుకు బయల్దేరాను.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. చెప్పులు విప్పుతూనే గూట్లోకి చూశాను. నవాబు నీళ్ళ మధ్యలో నిటారుగా ఉన్నాడు. తోక చిరుగుల చివర, దీపం వెలుతురు పడితేగాని కనబడనంత సన్నగా, రంగులేని గాజు అంచులాంటిది వచ్చింది. కొత్త రెక్క అలాగే మొలుస్తుందని, రంగు తర్వాత వస్తుందని సారు ముందే చెప్పారు.

వరండాలో బకెట్టు నిండా నీళ్ళున్నాయి. దోమలు పడకుండా పైన పాత మల్లుగుడ్డ కట్టి ఉంది. అలవాటు చొప్పున తీయబోయాను.

లోపల ఉపవాసంతో పడుకుని ఉన్న అత్తమ్మ గొంతు వినపడింది: "ముట్టుకోవాకు. రేపటికి అవి నిన్నటి నీళ్ళవుతాయి."