అతిక్రమించువారు

స్థలం లేనివాళ్ళకి బెంగ ఒక్కటే, స్థలం లేదని. ఉన్నవాళ్ళకి రెండు. స్థలం అక్కడే ఉందా అని ఒకటి, దానిమీద మన బోర్డు ఉందా అని రెండోది. నవ్వకండి. గచ్చిబౌలి అవతల ప్లాటు కొనుక్కుని ఇంకోచోట కాపురముంటున్న వాళ్ళనెవరినైనా అడిగి చూడండి.

మేం 1987లో కొన్నాం. మేం అంటే మావారు. నేను చేసిందల్లా నాలుగు గాజులు తీసివ్వడం. ఆయన ఆఫీసువాళ్ళంతా కలిసి సొసైటీ పెట్టుకుని గోపనపల్లి వైపు లేఅవుటు వేయించారు. తలా మూడొందల గజాలు. చిక్కడపల్లి నించి రెండు బస్సులు మారి లింగంపల్లిలో దిగి, అక్కణ్ణించి ఎండలో పడి నడిచి వెళ్ళి చూస్తే ఏవుందీ? బండరాళ్ళు, తంగేడు పొదలు, నాలుగు సీతాఫలం చెట్లు.

"ఇదేనోయ్ మన స్థలం" అన్నారు మావారు, తాజమహలు చూపిస్తున్నంత ఠీవిగా.

"ఏదీ?" అన్నాను. నాకు కనిపించిందల్లా అడవే.

అప్పుడాయన నాలుగు మూలలా పాతిన నాలుగు హద్దురాళ్ళూ చూపించి, సంచీలోంచి రేకుబోర్డు బయటికి తీశారు. పసుప్పచ్చ మీద నల్ల అక్షరాలు. పైన ఆయన పేరు, బి.కాం.తో సహా. దానికింద ప్లాటు నంబరు. అన్నిటికన్నా కింద ఎర్ర రంగుతో, "అతిక్రమించువారు శిక్షింపబడుదురు."

"ఎవరు శిక్షిస్తారూ?"

"చట్టం."

చుట్టూ చూశాను. కనుచూపు మేరలో చట్టం జాడ లేదు. పాతిక మేకల్ని తోలుకొస్తున్న ఓ ఆడమనిషి మాత్రం ఉంది. నా ఈడుదే. బోర్డు పాతి పది నిమిషాలు కాలేదు, వచ్చి దాని నీడలో కూర్చుని సద్దిమూట విప్పింది. "సల్ల తాగుతరా అమ్మా?" అని నన్నడిగింది. మా స్థలంలో మాకే అతిథి మర్యాద! మావారికి ఒళ్ళు మండిందిగానీ, ఎండకి నా నాలుక పిడచకట్టుకు పోతోంది. తాగేశాను.

అక్కణ్ణించి మావారికి ఏటా ఓ తీర్థయాత్ర. సంక్రాంతి సెలవుల్లో ఓ రోజు చూసుకుని బోర్డు దర్శనానికి వెళ్ళడం. మొదటి ఏడు బోర్డు ఉంది. రెండో ఏడు లేదు. కొత్తది పాతారు. అదీ పోయింది. మూడోది పాతారు. అదీ పోయింది. రేకంటే ఎవరికి చేదండీ? కానీ ఆయన పట్టు వదల్లేదు. మా ఇంట్లో పండగకి నాకు చీర కొన్నా కొనకపోయినా, ఆ స్థలానికి మాత్రం కొత్త బోర్డు తప్పేది కాదు.

1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచారు. ప్రధాని వాజపేయి గారొచ్చారు. ఆ గుండ్రటి మేడ ఫోటో పేపర్లో పడిన దగ్గిర్నించీ ఆ చుట్టుపక్కల నేలకి రెక్కలొచ్చాయి. దాంతోపాటు బోర్డులూ మొలిచాయి. ఇంత రకరకాల సాహిత్యం నేనెక్కడా చదవలేదు. "ఈ స్థలం అమ్మబడదు." "ఈ స్థలం కోర్టు వివాదంలో ఉన్నది." "కొని మోసపోకండి." ఒకాయనైతే ఖాళీ జాగాలో "కుక్క ఉన్నది, జాగ్రత్త" అని పెట్టుకున్నాడు. కుక్క ఎక్కడుందయ్యా అంటే, బోర్డు మీదే ఉంది.

2001లో వెళ్ళేసరికి మా స్థలంలో ఓ మూల చిన్న గుడిసె. మేకలావిడది. భర్త పోయాడట, ఊళ్ళో ఉన్న చోటు అన్నదమ్ములు పంచుకున్నారట. మావారు ఆవేశంగా గుడిసెలోకి తొంగిచూసి అలాగే నిలబడిపోయారు. నేనూ తొంగిచూశాను. పైకప్పుకి మా బోర్డులు మూడూ వరసగా పరిచి ఉన్నాయి, అక్షరాలు లోపలివైపుకి. పడుకుని కళ్ళు తెరిస్తే మావారి పేరూ, బి.కాం.మూ, ఎర్రక్షరాల హెచ్చరికా మూడుసార్లు కనిపిస్తాయి. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం తిన్నగా లాయరు దగ్గిరికి నడిచారు.

లాయరుగారు చెప్పిన సంగతులు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఊరికే ఒకరి జాగాలో అడుగుపెట్టినంత మాత్రాన నేరం కాదట. నేరం చెయ్యాలనో, యజమానిని బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశంతో వస్తేనే నేరమట. అప్పుడైనా మూణ్ణెల్ల జైలో, 500 రూపాయల జరిమానావో, రెండూనో. (2024 జులై నించి వచ్చిన కొత్త చట్టంలో ఆ జరిమానా 5,000 అయింది. గజం ధరతో పోలిస్తే అదేమంత పెరుగుదల కాదు లెండి.)

"అయితే ఆ బోర్డు ఎందుకండీ?" అన్నాను.

"స్థలాన్ని మీరు వదిలెయ్యలేదని నలుగురికీ తెలియడానికమ్మా. ఎవరైనా బాహాటంగా, తనదే అన్నట్టుగా, 12 ఏళ్ళు ఏకధాటిగా అనుభవించారనుకోండి, తర్వాత మీరు దావా వేసినా చెల్లదు. సర్కారు భూమైతే 30 ఏళ్ళు. 1963 నాటి లిమిటేషన్ చట్టం."

మావారి మొహం పాలిపోయింది. లాయరుగారే ధైర్యం చెప్పారు. అనుమతితో ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళున్నా స్థలం వాళ్ళది కాదట. కాబట్టి ఆవిడ మా అనుమతితోనే ఉంటున్నట్టు ఓ కాగితం రాయించుకుని వేలిముద్ర వేయించుకుంటే చాలన్నారు.

వేయించుకున్నాం. మావారు కాగితమంతా చదివి వినిపించారు. స్టాంపు ప్యాడు మీద ఆవిడ బొటనవేలు నేనే పట్టుకుని అద్దాను. పిడకలు చేసిన చెయ్యి, గరుగ్గా ఉంది. వేలు కొంగుకి తుడుచుకుంటూ తాపీగా చెప్పుకొచ్చింది. "మా మామ గీ జాగలనే మేపిండమ్మా. నవాబుల షికారొస్తె పొదలు కొట్టి కుందేళ్ళను లేపెటోడు. గప్పుడు బోర్డుల్లెవ్వు. మనిషిని జూస్తె మనిషే తొవ్వ ఇడిసెటోడు."

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో మావారు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ పక్కనే కంచ గచ్చిబౌలి అని ఉంది, వినే ఉంటారు. కంచ అంటే మనమనుకునే ముళ్ళకంచె కాదు, పశువులు మేసే బీడు. ఊరి పేరే చెబుతోంది ఆ నేల ఎవరి పాదాలకి అలవాటో. వాళ్ళ మామ తిరిగిన బీట్లో వాళ్ళ కోడలు మా అనుమతితో ఉంటున్నదని కాగితం! చట్టప్రకారం అంతా సరిగ్గానే ఉంది. అందుకే మాట్లాడ్డానికేమీ లేకపోయింది.

వేటంటే గుర్తొచ్చింది. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఓసారి వాళ్ళ ఆఫీసు స్నేహితుడు వీణ్ణి లేళ్ళ వేటకి తీసుకెళ్ళాడట. వీడు తుపాకీ పట్టలేదు లెండి, పులిహోర పట్టుకెళ్ళాడు. అక్కడ ప్రైవేటు వాళ్ళ భూముల్ని వేట కాలానికి కౌలుకిస్తారట. "పరాయివాళ్ళు రాకుండా బోర్డులు పెడతారా?" అని అడిగాను. "బోర్డు లేకపోయినా ఫరవాలేదమ్మా, చెట్టుకి ఊదారంగు పూస్తే చాలు" అన్నాడు. 1997 నించీ అక్కడ చట్టమేనట. 8 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పు తగ్గకుండా గీత, నేలకి 3 నించి 5 అడుగుల ఎత్తున, అడవిలో అయితే 100 అడుగులకొకటి మించని దూరంలో. ఆ రంగు చూశారంటే లోపలికి రాకూడదని అర్థమట. దొంగిలించడానికి రేకుండదు, చదవడానికి అక్షరాలుండవు. భలే ఉందే అనుకున్నాను.

మనకి వేట బాధ లేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక సొంత పొలంలోనైనా జింకని కొడితే జైలే. నిజాము వేటాడుకునే అడవి ఒకటి ఊరికి ఆ కొసన, వనస్థలిపురంలో ఉండేది. 1975లో దాన్ని మహావీర్ హరిణ వనస్థలి చేశారు. మనవణ్ణి తీసుకెళ్ళి కృష్ణజింకల్ని చూపించాను. అవి ఈనాటికీ అక్కడ గెంతుతున్నాయంటే, ఒకప్పుడు ఒక్కరి తుపాకీ కోసం అందర్నీ బయట ఉంచబట్టి కూడాను. లోపలికి రావద్దనడం అన్నివేళలా చెడ్డదేమీ కాదు. ఎవర్ని, ఎందుకు రావద్దంటున్నామన్నదే ప్రశ్న.

ఇక మా ఊదారంగు సంగతి. 2007 ప్రాంతంలో భూముల ధరలు మిన్నంటినప్పుడు ఎవరో రాత్రికి రాత్రి ఆ వరసలో హద్దురాళ్ళన్నీ పీకేశారు. మా బోర్డూ లేదు, మూడు రాళ్ళూ లేవు. ఈశాన్యం మూల రాయి ఒక్కటే నిలబడి ఉంది, ఒళ్ళంతా పసుపు, నడుమ కుంకంబొట్టు, పక్కన నిమ్మకాయ, వేపమండ. మేకలావిడ దాన్ని పోచమ్మని చేసేసింది!

"బోర్డు సదివినోడు ఆగుతడా అమ్మా? మొక్కినోడు ఆగుతడు గని" అంది.

సర్వేయరు లేఅవుటు ప్లాను చేత్తో పట్టుకుని, ఆ పోచమ్మ దగ్గిర్నించి గొలుసు లాగి మా మూడొందల గజాలూ మాకు మళ్ళీ తేల్చి ఇచ్చాడు. మావారు ఆ రోజు రాయికి కొబ్బరికాయ కొట్టారు. మర్నాడే కొత్త బోర్డు రాయించారు. అదే పేరు, అదే బి.కాం., అవే ఎర్రక్షరాలు.

మావారు పోయి రెండేళ్ళయింది. వరసలో మిగతావాళ్ళంతా బిల్డరుకి సంతకాలు పెట్టేశారు. ప్రతి ఆదివారం మా అబ్బాయి ఫోను, "ఏమాలోచించావమ్మా?" అని. ఈలోగా కాగితాలు నా పేర మారాయిగనక బోర్డు కూడా మార్చాలన్నారు. మొన్న వెళ్ళాను. చుట్టూ అద్దాల మేడలు. మధ్యలో మా మూడొందల గజాల బీడు. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల దగ్గర చెట్లు కొట్టడం, విద్యార్థులు గొడవ చెయ్యడం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనడం మీరూ చదివే ఉంటారు. ఆ రోజుల్లో ఓ నెమలి వచ్చి మా సీతాఫలం చెట్టెక్కి కూర్చుందని మేకలావిడ చెప్పింది. పాతిక మేకలు ఇప్పుడు నాలుగయ్యాయి. ఆవిడకీ నాకూ జుట్టు ఒకేసారి తెల్లబడింది.

ఎందుకో ఆ రోజు మనసు ఊరుకోక అడిగాను. "ఆ ఎర్రక్షరాలు ఏమిటో ఎప్పుడైనా తెలుసుకున్నావా?"

"సారు పేరు గాదా?"

"కాదు. లోపలికి ఎవరూ రావద్దు, వస్తే శిక్షిస్తామని."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "మరి నేను లోపట్నే ఉంటి గదమ్మా, గిన్నేండ్లు!"

నేను సిగ్గుపడుతూ కాగితం సంగతీ, వేలిముద్ర సంగతీ ఎత్తాను.

"గది నాకెర్కనే. సారు సదివి ఇనిపించిండు గద. మీరు ఉండుమన్నరు, ఉన్న. నేనేమో ఏడాదికొక్కపారన్న వచ్చి కూసొని సల్ల తాగి పొమ్మంటి. మీరే రాకపోతిరి."

దానికి నా దగ్గర జవాబు లేదు. లెక్క వేసుకుంటే, దాదాపు నలభయ్యేళ్ళలో ఆ బోర్డు మాటకి కట్టుబడ్డది ఎవరయ్యా అంటే మేమిద్దరమే. మేకలొచ్చాయి, నెమళ్ళొచ్చాయి, పోచమ్మొచ్చింది. మావారు గట్టు మీద నిలబడి బోర్డు చూసుకుని వెనక్కి తిరిగేవారు. నేను ఆ సీతాఫలం చెట్టుకింద కూర్చున్నది మొదటిరోజు ఒక్కసారే.

తిరిగొస్తూ లింగంపల్లిలో ఫ్లెక్సీల కుర్రాడి దగ్గిరికెళ్ళాను. పాత బోర్డు ఫోటో చూసి, "సారు పేరు ముందు కీర్తిశేషులు అని పెట్టాలా అమ్మా?" అన్నాడు. ఒక్క నిమిషం ఊపిరాడలేదు. వద్దని, నా పేరు రాసిచ్చాను. అంత పెద్ద అక్షరాల్లో నా పేరు శుభలేఖ తర్వాత మళ్ళీ ఇప్పుడే చూసుకోవడం.

"కింద ఎర్ర లైను?"

"అది తీసెయ్యి బాబూ. అక్షరాలు తగ్గాయిగా, డబ్బేమన్నా తగ్గుతుందా?"

"అడుగుల లెక్కమ్మా, అక్షరాల లెక్క కాదు" అన్నాడు.

వచ్చే ఆదివారం క్యారేజీ కట్టుకుని వెళ్దామనుకుంటున్నాను. సల్ల ఆవిడ తెస్తానంది. మా అబ్బాయి ఫోను చేస్తే అక్కణ్ణించే మాట్లాడతాను. బిల్డరుకి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. ఏం చెప్పినా, ఆ మాట చెప్పేముందు ఆవిడ కూడా నా పక్కన కూర్చుని ఉండాలన్నది మాత్రం తేలిపోయింది.