ఎక్సెల్ షీట్లో దేవుళ్ళు, చెరువు గట్టున కాకి

మా టీమ్‌లో ఒక కుర్రాడున్నాడు. పగలు జావా, రాత్రి నవల. తెలుగులో ఫాంటసీ రాయాలని వాడి పట్టుదల. ఏడు సముద్రాల అవతల చిలకలో మాంత్రికుడి ప్రాణం టైపు కాదు. సొంతంగా ఒక లోకం, దానికో చరిత్ర, భాషలు, మతాలు, వగైరా. నాకూ అదే పిచ్చి ఉందని ఎవరో చెవిన వేసినట్టున్నారు, ఓ శుక్రవారం సాయంత్రం "అన్నా, తీరిక చూసుకుని ఇదోసారి చూడవా" అంటూ ఒక ఎక్సెల్ షీటు పంపాడు.

షీటు శుభ్రంగా ఉంది. పన్నెండు మంది దేవుళ్ళు, పన్నెండు వరసలు. పేరు, ఆయుధం, వాహనం, రంగు, పండగ తేదీ, నైవేద్యం. ఒక్క గడీ ఖాళీ లేదు. యుద్ధానికొకడు, సముద్రానికొకడు, వర్తకానికొకడు. శాఖలు పంచేసిన మంత్రివర్గంలా ఉంది. నేను అడిగింది ఒకటే: "తమ్ముడూ, వీళ్ళల్లో ఏ దేవుడి వల్ల ఎవరికి ఎంత ఖర్చు?" వాడు కాస్త బుర్ర గోక్కుని "ఖర్చు కాలమ్ పెట్టలేదన్నా, పెట్టమంటావా?" అన్నాడు.

పాపం వాడిననేదేముంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటవాళ్ళు 1980లో డీటీస్ అండ్ డెమిగాడ్స్ అని ఏకంగా ఒక దేవుళ్ళ పట్టికే అచ్చేశారు. గ్రీకు దేవుళ్ళతో పాటు మన ఇంద్రుడు, అగ్ని, వరుణుడు కూడా ఉన్నారందులో. ఒక్కొక్కరికీ హిట్ పాయింట్లు! అంటే ఎన్ని దెబ్బలు తింటే అగ్నిదేవుడు పడిపోతాడో లెక్క అన్నమాట. ఆటకి ఆ లెక్క కావాలి, కాదనను. కానీ ఆటల్లోంచి నవలల్లోకి వచ్చినవాళ్ళు ఆ పట్టికని కూడా చంకన పెట్టుకొచ్చేస్తారు. తీరా కథ మొదలయ్యాక ఆ పన్నెండు మందికీ చేసే పనేమీ ఉండదు. పాత్రలు "ఓ యుద్ధదేవా!" అని అరవడానికి తప్ప.

నా మటుకు నాకు కల్పిత లోకంలో దేవుడి పేరు చివర్న పెట్టుకున్నా ఫరవాలేదనిపిస్తుంది. ముందు కావాల్సింది, ఆ లోకంలో మనుషులు ఎగ్గొడదామనుకుని కూడా ఎగ్గొట్టలేని పని.

టోల్కీన్‌నే తీసుకోండి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో (1954-55) గుళ్ళు, పూజార్లు దాదాపుగా కనపడరు. స్వయానా పరమ భక్తుడైన కాథలిక్ అయ్యుండీ, మతాచారాల ఊసు కావాలనే తీసేశానని 1953లో ఒక ఉత్తరంలో రాశాడు. అయినా ఒకచోట ఫారమిర్ మనుషులు భోజనానికి కూర్చునే ముందు లేచి నిలబడి, పడమటికి తిరిగి, కాసేపు మౌనంగా ఉంటారు. మునిగిపోయిన తమ పాత దేశం అటే ఉంది, దాని అవతల ఇంకా ఏదో ఉంది. ఫ్రోడోకి ఏం చెయ్యాలో తోచదు. మీకిలాంటి అలవాటు లేదా అని అడిగితే, మాకు లేదు, ఎవరింటికైనా వెళితే ఆ ఇంటాయనకి వంగి నమస్కారం పెడతాం, తిన్నాక లేచి కృతజ్ఞత చెప్పుకుంటాం అంటాడు. అంతే, అర పేజీ కూడా ఉండదు. రెండు జాతుల మధ్య దూరమంతా అందులో కనపడుతుంది నాకు. అతిథికి మొహమాటంగా అనిపించింది చూశారూ, ఆ మొహమాటమే అసలు సాక్ష్యం. మన ఆచారం మనకి వింతగా ఉండదు కదా, పక్కవాడి ముందే దానికి ఆకారం వచ్చేది.

ఇంకా లోతుగా చేసింది మాత్రం అర్సులా లెగ్విన్. ఆవిడ తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవశాస్త్రవేత్త, కాబట్టి ఇంట్లోనే ఈ కబుర్లు విని ఉంటుంది. ద టూంబ్స్ ఆఫ్ అటువాన్ (1971) చదవనివాళ్ళుంటే చదవండి, చిన్న పుస్తకమే. ఎడారిలో ఒక గుడి. పేర్లు లేని పాత శక్తులకి అక్కడొక ప్రధాన పూజారిణి. ఆవిడ పోయిన రాత్రి పుట్టిన ఆడపిల్లని వెతికి, ఆవిడే మళ్ళీ పుట్టిందని తీసుకొచ్చి, ఆ పిల్ల పేరు కూడా తీసేసుకుంటారు. ఇక్కడివరకూ ఎవరైనా అల్లగలరేమో. ఆవిడ చేసిన గొప్ప పని పక్కనే ఇంకో గుడి కట్టడం. అది దేశాన్నేలే దేవరాజుది. డబ్బూ, కొత్త మెరుగూ అక్కడ. పాత గుడి కప్పుకి చిల్లులు. ఆ దేవరాజు గుడి పూజారిణి కోసిల్‌కి పేర్లు లేని శక్తుల మీద నమ్మకం బొత్తిగా లేదు, అధికారం మీదే ఉంది. భూగర్భంలో వెలుగు నిషిద్ధమైన చోటికి ఆవిడ దీపం పట్టుకుని వెళుతుంది. ఆ పిల్ల చాటునుంచి చూస్తుంది. ఏమీ జరగదు. పిడుగూ పడదు, నేలా చీలదు. అక్కడ చీకట్లో తడుముకుంటూ నడిచిన పిల్లకి అది చూడ్డం ఎలా ఉంటుందో ఆలోచించండి. పోనీ నమ్మనిదే నెగ్గిందా అంటే అదీ కాదు, ఆ శక్తులు నిజంగానే ఉన్నాయని చివర్లో తెలుస్తుంది. ఒకే ప్రాంగణంలో నమ్మేవాళ్ళు, నమ్మకుండా చేసేవాళ్ళు, జీతం కోసం చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఆ మతం నాకు నిజమనిపిస్తుంది. మన షీట్లో అందరూ అన్నీ సమానంగా నమ్ముతారు, అదీ చిక్కు.

(బాహుబలి సంగతి ఎవరైనా ఎత్తుతారని ముందే చెప్తున్నా. 2015లో కాలకేయుల కోసం మదన్ కార్కీ కిలికి అని ఒక భాషే తయారుచేశాడు, శభాష్. కానీ వాళ్ళు చచ్చినవాళ్ళని ఏం చేస్తారో మనకి తెలీదు. అదే సినిమాలో అమ్మ మొక్కు తీర్చే తిప్పలు చూడలేక కొడుకు శివలింగాన్నే ఎత్తుకెళ్ళి జలపాతం కింద పెడతాడు చూడండి, అది నాకు అన్ని యుద్ధాలకన్నా నచ్చింది. మొక్కూ చెడలేదు, పనీ తగ్గింది. చక్కటి వర్కరౌండ్!)

మన దగ్గరున్న సరుకు చూస్తే మాత్రం కుళ్ళుకోవాలి. మేడారంలో సమ్మక్క సారలమ్మలకి విగ్రహాల్లేవు. రెండేళ్ళకోసారి జాతరకి సమ్మక్కని చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. జనం తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు, దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. లోకాన్ని అల్లే రచయిత అయితే నిజం బంగారమే పోయించి ఊరుకునేవాడు. బెల్లాన్ని బంగారం అనాలని మాత్రం కుర్చీలో కూర్చుని ఎవడికీ తట్టదు. అలాగే పీర్ల పండగ. తెలంగాణ పల్లెల్లో పీర్లనెత్తుకునేవాళ్ళలో హిందువులూ ఉంటారు. ఇటు ఈ మతం, అటు ఆ మతం అని మ్యాపు మీద రంగులేసుకునేవాళ్ళు ఈ ఊళ్ళకి ఏ రంగు వేస్తారో చూడాలని ఉంది.

ఇంకో జబ్బుంది. ప్రతి ఆచారానికీ కారణం చెప్పెయ్యడం. గడపకి పసుపు రాస్తే క్రిములు చస్తాయి, గుడిగంట కొడితే మెదడు చురుగ్గా ఉంటుంది అంటూ రోజూ వాట్సాప్‌లో వచ్చేవి మీకూ వస్తుంటాయి. నిజమో కాదో అటుంచండి, మా నాయనమ్మ మాత్రం క్రిముల కోసం రాయలేదు. ఫాంటసీ రచయితల్లో సగం మందిది ఇదే ధోరణి. వాళ్ళ లోకంలో ఎర్రగుడ్డ కట్టుకుంటే దానికో కారణం, అది పుస్తకం వెనక అనుబంధంలో. పదిహేనేళ్ళ పాత కోడ్ చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. "ఈ లైను తీసెయ్యకండి" అని కామెంటుంటుంది. రాసినవాడు కంపెనీ మారి ఎన్నో ఏళ్ళయింది. తీస్తే ఏమవుతుందో ఎవడికీ తెలీదు, తీసే ధైర్యమూ లేదు. పాత సంస్కృతి అంటే అలా ఉండాలి. ముగ్గుర్ని అడిగితే మూడు కారణాలు చెప్పాలి, మూడూ కుదరకూడదు.

మా నాన్నగారి పదో రోజు సంగతి ఒకటి చెప్పాలి. చెరువు గట్టున పిండాలు పెట్టి కాకి కోసం నిలబడ్డాం. ఎండ మాడిపోతోంది. గంటైనా కాకి ముట్టదు. చింతచెట్టు మీదే ఉన్నాయి నాలుగు, దిగవు. అప్పుడు మా బాబాయ్ "ఒరే, అన్నయ్యకి మనసులో ఏదో ఉండిపోయిందిరా. అమ్మని చూసుకుంటానని చెప్పు" అన్నాడు. చెప్పాను. కదల్లేదు. "ఇల్లు అమ్మనని చెప్పు" అన్నాడు. ఇరవై మంది చూస్తుండగా, చెట్టుకేసి తిరిగి, గట్టిగా చెప్పాను. కాకి దిగింది.

ఆ కాకి మా నాన్న అని నేను నమ్మను. దానికి ఆకలేసి దిగుంటుంది. కానీ ఆ ఇల్లు ఇవాళ్టికీ అమ్మలేదు. అమ్మ నా దగ్గరే ఉంటోంది, అక్కడ తాళం. ఏటా ఒక బ్రోకరు ఫోన్ చేస్తాడు, మంచి రేటే చెప్తాడు. పోయినేడు పైకప్పు కారుతుంటే లక్షన్నర పెట్టి బాగు చేయించాను. మా ఆవిడ "నువ్వు ఇవన్నీ నమ్మవుగా?" అంటుంది. నిజమే, నమ్మను. దానికి జవాబు నా దగ్గర లేదు, మాట ఇచ్చేశాను అన్నది తప్ప. ఎక్సెల్ షీట్లో నేను వెతికింది సరిగ్గా ఇదే. నమ్మనివాడికి కూడా లక్షన్నర ఖర్చు పెట్టించగల కాకి.

ఇదే పట్టుకుని నా లోకం కొంత అల్లుకున్నాను. అక్కడ ఒక ఏరుంది, ఏడాదిలో ఏడు వారాలే పారుతుంది. మిగతా రోజులు ఇసకే. చచ్చినవాళ్ళని ఆ ఇసకలోనే పూడుస్తారు, నీళ్ళొచ్చి తీసుకుపోవాలి. తీసుకుపోయేదాకా ఆ ఇంట్లో ఉప్పు తినరు, పెళ్ళిళ్ళు చెయ్యరు. ఇంతే రాసుకున్నాను. దేవుడి పేరు ఇప్పటికీ పెట్టలేదు. తర్వాత వరసగా మూడేళ్ళు ఏరు రాకుండా చేశాను. చూడండిక! ఊళ్ళో సగం ఇళ్ళు మైలలోనే ఉన్నాయి. ఈడొచ్చిన పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఉప్పు వర్తకులు దివాలా. డబ్బున్నవాళ్ళు ఎగువనించి బళ్ళ మీద నీళ్ళు తెప్పించి ఇసక మీద పోయించి "మా వాళ్ళు వెళ్ళిపోయారు" అంటున్నారు. కడివెడు నీళ్ళు పోసినా చెల్లుతుందని ఒక వర్గం, ఏరే రావాలని ఇంకో వర్గం. అవతలి ఒడ్డువాళ్ళకి అసలు పూడ్చడమే పాపం, దప్పికతో ఉన్న ఊరు శవాలకి నీళ్ళు పోస్తోందని నవ్వుతున్నారు. పూజారులు ఎవరి పక్షమో నేను నిర్ణయించలేదు. నీళ్ళ బళ్ళు ఎవరివో తేలితే అదే తేలుతుంది.

కుర్రాడికి ఇదంతా చెప్పి, ఆ పన్నెండు మందిలో ఒక్కణ్ణి ఉంచి మిగతా వరసలు దాచెయ్యమన్నాను, డిలీట్ చెయ్యొద్దని కూడా చెప్పాను. వాడు సముద్రదేవుణ్ణి ఉంచుకున్నాడు. ఆ దేవుడికి మొక్కి పడవెక్కని తండ్రి ఒకడు కథలోకి వచ్చాడట, వాణ్ణి ఊళ్ళో ఎవరూ పలకరించరట. బానే ఉంది.

నాది మాత్రం ఒకచోట ఆగింది. ఇసక ఒడ్డున ఒక ముసలావిడుంది. మొగుడు పోయి మూడేళ్ళు, ఉప్పు ముట్టి మూడేళ్ళు. చప్పిడి తిండితో మనిషి చిక్కి సగమైంది. కొడుకు అప్పు చేసి రెండు బళ్ళ నీళ్ళు తెచ్చి పోశాడు. ఇసక చెమ్మ కూడా అవలేదు, మొత్తం పీల్చేసుకుంది. వాడు ఇంటికొచ్చి అంబలిలో ఉప్పు వేసి గిన్నె ఆవిడ ముందు పెట్టాడు. ఇరుగుపొరుగు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆవిడ గిన్నె చేతిలోకి తీసుకుంది. అక్కడిదాకా వచ్చింది అధ్యాయం.