గోడ లేని జైలు

షోలాపురంలో బస్సెక్కి మంగళవేఢె, సాంగోలా దాటి పడమటగా పోతే ఆట్పాడి వస్తుంది. వానలు తక్కువైన నేల. దారి పొడుగునా దానిమ్మ తోటలు. ఆ సమీపాననే స్వతంత్రపురం ఉన్నది. పేరు చూచి మోసపోరాదు, అది జైలు!

మేము వినోదానికి పోలేదు. మా వీధి కుర్రవాడొకడు కొట్లాట కేసులో శిక్ష తీరి ఇల్లు చేరాడు. మగ్గం పని జైలులోనే నేర్చాడు. వాళ్ళమ్మ వచ్చి, "అన్నా, మా పోరనికి మీ కార్ఖానల ఒక్క మగ్గం ఇప్పియ్యిండ్రి" అన్నది. చూద్దామన్నాము. రెండు వారాలు చూస్తూనే ఉన్నాము.

1939లో, ఔంధు సంస్థానాన్ని భవానరావు పంత్ ప్రతినిధి గారు ఏలే రోజులలో, ఈ బస్తీ వెలసింది. ఆలోచన మారిస్ ఫ్రీడ్మన్ అనే పోలండు ఇంజనీరుది. అంతకుముందు ఆయన బెంగుళూరులో మైసూరు ప్రభుత్వపు విద్యుత్ కార్ఖానా నడిపినవాడు. ఘోర నేరాలకు శిక్ష పడ్డవారికి సంకెళ్ళు లేకుండా పొలం అప్పగించి, ఆలుబిడ్డలతో కాపురం ఉండనిచ్చారు. శాంతారాం 1957లో తీసిన 'దో ఆంఖే బారహ్ హాథ్'కు ఆధారం ఇదే. 1976లో అదే కథ తెలుగులో 'మా దైవం' అయినది. ఆ సినిమా చూచి కళ్ళు తుడుచుకున్నవారిలో మేమూ ఉన్నాము. ఈ కుర్రవాడు గుమ్మంలో నిలబడితే మాత్రం గల్లాపెట్టె తాళం తడుముకున్నాము.

అక్కడ ప్రహరీ కానరాలేదు. పొలాల నడుమ ఇండ్లు, దండేల మీద ఆరవేసిన పిల్లల బట్టలు. ఎనభై ఏండ్లకు పైబడి నడుస్తూన్న నమ్మకం అది. అయితే అక్కడివారికి సర్కారు పూచీ ఉన్నది. శిక్ష తీరి వచ్చినవాడికి పూచీ ఎవరు?

తిరిగి రాగానే కుర్రవాణ్ణి పిలిపించాము. ఎక్కడెక్కడ అడిగావంటే, నాలుగు కార్ఖానాలన్నాడు. అంతటా ఒకటే ప్రశ్నట: "ఇన్నేండ్లు ఎక్కడ పనిచేసినవ్?" మూడు చోట్ల నిజం చెప్పాడు, పొమ్మన్నారు. నాలుగోచోట భివండీలో ఉన్నానని బొంకితే పని దొరికింది. మూడోనాడు సంగతి తెలిసి వెళ్ళగొట్టారు.

సోమవారం నుంచి పగటి పాళీలో ఒక మగ్గం ఇచ్చాము. కూలి అందరితో సమానమే. టవళ్ళ అంచు చక్కగా తీస్తున్నాడు, పోగు తెగితే తానే చూచుకొని అతుకుతున్నాడు. నూలు గోదాము తాళం సంగతి మాత్రం ఇంట్లో ఇంకా తెగలేదు. తమ్ముడు వద్దంటాడు; మాకూ ధైర్యం చాలటం లేదు.

నిన్న సాయంత్రం పని దిగి పోతూ, మేము వాకిట్లో ఉండటం చూచి ఆగాడు. అడగకముందే సంచి విప్పి చూపాడు. అందులో ఖాళీ అన్నం డబ్బా ఉన్నది.