మా అమ్మ తలూపింది

మా అయ్య అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ. వీపు మీద బెల్లం దిమ్మలు మోసి మోసి పోయాడు. మా అమ్మ కామందుల చేలల్లో చెరుకు నరికింది, షావుకార్ల కొట్ల ముందు చిమ్మింది. వాళ్లేం చెప్పినా తలూపడమే ఆమె జవాబు. నోరు తెరిచి బదులు చెబితే మా పేటోళ్లకి అది పొగరు కింద జమ.

2011లో అమ్మ ఎడం చెయ్యి పడిపోతోందంటే అప్పు చేసి విశాఖలో ఒక స్కానింగ్ సెంటరుకి తీసుకెళ్లాను. మెదడుకి ఎమ్మారై తియ్యాలన్నారు. గొట్టంలోకి తోసేముందు ఒకటే మాట: "కదలకూడదు." బొమ్మకీ బొమ్మకీ నడుమ స్పీకర్లోంచి "ఏమ్మా, బాగానే వుందా?" అని అడిగారు. అడిగినప్పుడల్లా అమ్మ తలూపింది. బొమ్మలు పాడయ్యాయి. "ఇలాంటోళ్లకి ఎంత చెప్పినా ఎక్కదు" అన్నాడొకడు. ఇలాంటోళ్లంటే ఎవరో నాకు తెలుసు. మళ్లీ డబ్బు కట్టాం.

బస్సులో అమ్మ అంది: "ఆ బాబు అడిగితే నోటితో సెప్పడం బాగోదని తలూపీనాన్రా. నానేటి తప్పు సేసినాను?"

నేనప్పుడు ఫిజిక్సు ఎమ్మెస్సీ చదువుతున్నాను. జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూనే ఈ పనిలోకి వచ్చాను. స్కాన్ బొమ్మల్ని దిద్దే లెక్కలే ఇప్పుడు నా కూడు.

1.5 టెస్లా యంత్రంలో అయస్కాంత బలం భూమి బలానికి దాదాపు 30,000 రెట్లు. అది తలంతటా ఒకే తీరుగా వుండాలి. కాని ముక్కు వెనక, చెవుల దగ్గర గాలి గదులున్నాయి. గాలికీ మెదడుకీ అయస్కాంత గుణంలో పదిలక్షల్లో 9 వంతుల తేడా. కాలవలో రాయి పడితే నీరు మెలి తిరిగినట్టు అక్కడ క్షేత్రం వంకర పోతుంది. పదిలక్షల్లో ఒక్క వంతు తేడాకే హైడ్రోజను సంకేతం 64 హెర్ట్జులు తప్పుతుంది. వేగంగా తీసే బొమ్మల్లో మెదడు ముందు భాగం సాగిపోవడానికి అది చాలు.

అందుకే మొదట్లోనే క్షేత్రాన్ని కొలిచి చదును చేస్తారు. దాన్నే షిమ్మింగ్ అంటారు. తరవాత మనిషి కదిలితే కంప్యూటరు బొమ్మని తిప్పి పాత చోట కూర్చోబెడుతుంది. అది చాలదు. రాయి తిరిగితే నీటి మెలికలూ మారతాయి. పాత కొలతతో కొత్త వంకరని దిద్దితే తప్పు మీద తప్పు.

ఇంకో సంగతి. గొట్టంలో పడుకున్న మనిషికి క్షేత్రం ఒంటి పొడవునా వుంటుంది. 'కాదు' అని తల అడ్డంగా తిప్పితే క్షేత్రంతో తల వాలు మారదు, చెదిరేది తక్కువ. 'సరే' అని నిలువుగా ఊపితే వాలే మారుతుంది, చెదిరేది ఎక్కువ. ఇది చదివిన రోజు పుస్తకం మూసేసి కూర్చున్నాను. మా అమ్మ జన్మంతా ఊపింది ఆ ఊపే కదా!

దీనికి మందుంది. ప్రతి బొమ్మకీ రెండు ప్రతిధ్వనులు పట్టి, వాటి దశల తేడాలోంచి ఆ క్షణపు క్షేత్రాన్ని కొలవొచ్చు. ఎదురెదురు దిక్కుల్లో సాగిన బొమ్మలు మధ్యమధ్య తీసి, రెంటి నడుమ నిజం పట్టొచ్చు. కెమెరాతో తల కదలిక చూస్తూ చదును మారుస్తూ పోవచ్చు. అన్నిటి సారం ఒకటే: మనిషి కదిలితే మళ్లీ కొలవాలి.

మమ్మల్ని పుట్టిన పేటలో ఒకసారి కొలిచారు. చదువుకున్నా, ఊరు దాటినా ఇంకా ఆ కొలతతోనే చూస్తున్నారు. బొమ్మ చెడితే కదిలింది మీరేనంటారు.

రెండోసారి తీసినప్పుడు అమ్మ మెదడులో చిన్న స్ట్రోకు కనపడింది. మందులతో చెయ్యి కొంత తిరిగింది. ఇప్పుడు నా ముందు ఎవరు గొట్టంలోకి వెళ్లినా ముందే చెబుతాను: "నేనడిగితే తలూపకమ్మా. నోటితో చెప్పు. నేను వింటాను."