కొచ్చిలో గరికపోచ

జనవరి నెలలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాణ్ణి ‘ఎక్కడికండీ ప్రయాణం?’ అని ఎవరూ అడగరు. పెట్టె నిండా నల్లబట్టలు, మెడల్లో మాలలు, పై బల్లల మీద ఇరుముళ్ళు. నా ఎదురుగా కూర్చున్న స్వామి నా తెల్లచొక్కా కేసి కాసేపు చూసి, ‘మాల వేసుకోలేదా స్వామీ?’ అన్నాడు జాలిగా. సామెతల మీద సదస్సుకు కొచ్చి వెళ్తున్నానని చెప్పాను. సామెతలు వినడానికి అంత దూరం పోవడం ఎందుకో ఆయనకి బోధపడలేదు. నిజం చెప్పాలంటే మా ఆవిడకీ బోధపడలేదు.

పాలక్కాడు కనుమ దాటేసరికి కిటికీ బయట లోకం రంగు మారిపోతుంది. అంతవరకూ కంటికి పచ్చదనం అక్కడక్కడా కనిపించే వస్తువు. అటుపైన పచ్చదనం కానిదే అక్కడక్కడా కనిపిస్తుంది. గోడల మీద నాచు, నాచు మీద తీగ, తీగ కింద ఎవరిదో ఇల్లు. ఈ దేశంలో గడ్డి మొలవని చోటు ఉంటుందని ఎవరైనా అంటే నవ్విపోతాం. కాని అలా అనే మనిషే ఎర్నాకుళం టౌన్ స్టేషన్లో నాకోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు.

ఆయన మలయాళం మాస్టారు. నా యీడువాడే. అక్కడ పంతుళ్ళని ‘మాషే’ అని పిలుస్తారు. ఆయన నన్ను అలాగే పిలిచాడు, నేనాయన్ని ‘మాస్టారూ’ అన్నాను. ఇద్దరి మధ్యా ఇంగ్లీషే వారధి. సదస్సు మొదటిరోజు ముగియగానే, ‘రేపు సాయంకాలం ఆట ఉంది, మిమ్మల్ని తీసుకువెడతాను. మీ హైదరాబాదువాళ్ళమీద నాకో పాత బాకీ కూడా ఉంది’ అన్నాడు.

బాకీ సంగతి వెంటనే గ్రహించాను. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ ఆఖరి ఆట జరిగింది. ఒకవైపు హైదరాబాదు, రెండోవైపు కేరళ బ్లాస్టర్స్. చెరో గోలుతో సమంగా నిలిచి, చివరికి పెనాల్టీలలో 3–1తో మనవాళ్ళు గెలిచారు. ఆ రోజు హైదరాబాదులో ఎంతమందికి ఆ కబురు తెలిసిందో చెప్పలేను. కేరళలో మాత్రం ఇంటింటా ఎవరో పోయినట్టయిందిట. ‘కప్పు మీరు పట్టుకుపోయారు, ఏడుపు మాకు మిగిల్చారు’ అన్నాడు మాస్టారు. నేను ఆటలో ఓనమాలు రానివాణ్ణి. అయినా ఆ క్షణంలో, నేనే పెనాల్టీ కొట్టినట్టు మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

కలూరులోని ఆ స్టేడియం పేరు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. మెట్రో స్టేషనుకీ అదే పేరు. రైలు దిగి మెట్లు దిగుతూంటే కింద రోడ్డు కనిపించలేదు, పసుపుపచ్చ ప్రవాహం కనిపించింది. చంటిపిల్లలకీ, ముసలివాళ్ళకీ అదే రంగు చొక్కా. నిన్న రైల్లో నలుపు, ఇవాళ ఇక్కడ పసుపు. దీక్షలో మాత్రం తేడా కనిపించలేదు. ఈ అభిమానుల దండుకి ‘మంజప్పడ’ అని పేరు. మంజ అంటే పసుపు, పడ అంటే సేన. మన ‘పసుపు’కీ వాళ్ళ ‘మంజ’కీ చుట్టరికం లేదుగాని తమిళ ‘మంజళ్’కి ఉంది. (ఈ రకం గోల భరించలేకే మా విద్యార్థులు వెనక బల్లల్లో కూర్చుంటారు.)

స్టేడియం 1996లో తెరిచారు. గ్రేటర్ కొచ్చిన్ అభివృద్ధి సంస్థది. మూడంతస్తుల గ్యాలరీలు, గుండ్రంగా, ఎత్తుగా ఉంటాయి. గ్యాలరీల కింద చుట్టూతా దుకాణాలు, ఆఫీసులు. బయటినుంచి చూస్తే బజారు ఒకటి తలమీద మైదానాన్ని మోస్తున్నట్టుంటుంది. 1997లో ఇక్కడ నెహ్రూ కప్పు ఫుట్‌బాల్ జరిగింది. మరుసటి ఏడే క్రికెట్ వచ్చింది. 1998 ఏప్రిల్ 1న ఆస్ట్రేలియా మీద జరిగిన ఆటలో అజయ్ జడేజా శతకం కొట్టాడు. బ్యాటు పట్టుకోవడానికి పుట్టాడనుకునే టెండూల్కర్ బంతి పట్టుకుని 32 పరుగులకి 5 వికెట్లు తీశాడు. 2005లో పాకిస్తాన్ మీద మళ్ళీ అయిదు తీశాడు. 2011లో కొచ్చికి ఐపీఎల్ జట్టు కూడా ఒక్క ఏడాది ముచ్చటగా ఉండిపోయింది. మన లక్ష్మణ్ అందులో ఆడాడు. 2014 అక్టోబరు 8న వెస్టిండీస్ ఇక్కడ మన జట్టుని 124 పరుగుల తేడాతో ఓడించింది. అదే నెలలో సూపర్ లీగ్ ఆరంభమైంది, ఈ పసుపు చొక్కాలు పుట్టాయి.

ఇల్లు ఒకటి, కాపురాలు రెండు. అందులో తగువేమిటని నాలాంటి అమాయకుడు అడగవచ్చు. నేను అడిగాను కూడా. మాస్టారు సమాధానం చెప్పలేదు. పై గ్యాలరీలో నన్ను కూర్చోబెట్టి, ‘బంతిని చూడకండి మాషే, బంతి ఆగే చోటుని చూడండి’ అన్నాడు.

అలాగే చూశాను. అవతలి పక్కన బంతి జారుతూ జారుతూ వచ్చి, ఒకచోట ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు టక్కున మందగించింది. ఆటగాడు అడుగు ముందు వేసేశాడు, బంతి వెనకే ఉండిపోయింది. గ్యాలరీ అంతా ఒక్కసారి ‘అయ్యో’ అంది. ఇంకొకడు మలుపు తిరగబోయి జారాడు. బూటు కింద గడ్డిపెళ్ళ ఊడి లేచింది. ఆ కుర్రవాడు పరుగు తీసి మళ్ళీ వెనక్కి వచ్చి, ఆ పెళ్ళని దాని గుంటలో పెట్టి, నిద్రపోతున్న బిడ్డని జోకొట్టినట్టు కాలితో రెండుసార్లు అదిమి వెళ్ళాడు. ఆ సాయంకాలం నేను చూసినవాటిలో అదే నా మనసుకి పట్టింది. విరామంలో పనివాళ్ళు ముళ్ళకర్రలు పట్టుకుని వచ్చి మైదానమంతా తిరుగుతూ గుంటలు సరిచేశారు. మా వెనక వరసలో పెద్దాయన ఒకరు వాళ్ళకి మలయాళంలో ఏదో కేకవేసి చెప్పాడు. ‘ఏమంటున్నాడు?’ అని అడిగాను. ‘అక్కడ కాదు, ఇక్కడ అంటున్నాడు. ప్రతి ఆటకీ చెబుతాడు. వాళ్ళకి వినపడదు’ అన్నాడు మాస్టారు. నిజమే, ఇది క్రికెట్ కొలతకి కట్టిన గుండ్రటి స్టేడియం. ఫుట్‌బాల్ గీతకీ గ్యాలరీకీ మధ్య ఒక వీధి పట్టేంత దూరం.

అసలు చిక్కు మట్టిలో ఉంది. వ్యవసాయం తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. క్రికెట్ పిచ్ అంటే 22 గజాల బంకమట్టి. మన నల్లరేగడి జాతి మట్టి. దాన్ని తడిపి, ఆరబెట్టి, రోలరు పెట్టి తొక్కి తొక్కి, కళ్ళం అలికినట్టు గట్టిచేస్తారు. అప్పుడే బంతి లేస్తుంది. ఫుట్‌బాల్‌కి సరిగ్గా ఎదురు కావాలి. కింద ఇసుక, నీళ్ళు పడ్డవి పడ్డట్టు దిగిపోవాలి. పైన అంగుళం ఎత్తు గడ్డి, వేళ్ళు లోతుగా పాకాలి. 105 మీటర్ల పొడవూ, 68 మీటర్ల వెడల్పూ ఒక్క తీరుగా ఉండాలి. అందులో నడిమధ్య రేగడి చెక్క ఒకటి దిగేస్తే, ఎండలో అది సిమెంటు, వానలో అది సబ్బు. కొచ్చిలో వాన ఒకసారి వచ్చి పోయేది కాదు. జూన్‌లో మొదలైన వర్షం పోయిందనుకునేలోపు తులావర్షం వస్తుంది. ఆటల కాలమూ అప్పుడే.

పోనీ, బంకమట్టి తవ్వేసి మళ్ళీ గడ్డి వేస్తే? వేయవచ్చు. కాని గడ్డి సభకి వచ్చే మంత్రిగారు కాదు, ముహూర్తానికి హాజరవడానికి. వేళ్ళు పాకడానికి వారాలు, నెలలు కావాలి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌వాళ్ళు దీనికి ఒక ఉపాయం చేశారు. పిచ్‌ని బయట పెంచి, 20 టన్నుల పైచిలుకు బరువున్న పలకగా ఎత్తి తెచ్చి మైదానంలో దించుతారు. క్రికెట్ అయిపోగానే ఎత్తుకుపోతారు. ఆ యంత్రాలూ ఆ ఖర్చూ అన్నిచోట్లా సాగేవి కావు.

మన దేశంలో మంచి ఫుట్‌బాల్ మైదానాలలో ఎక్కువగా పరిచేది బెర్ముడా గడ్డి. పేరు విని ఏ సముద్రాల అవతలిదో అనుకునేరు. దాని మూలజాతి మన గరికే. వినాయకచవితికి తడుముకుంటూ కోసుకొచ్చే గరిక. తొక్కినా చావదు, ఎండినా చావదు, చినుకు పడితే లేస్తుంది. అలాంటి గరికని కూడా ఏడిపించగలిగారంటే మనుషుల ప్రతిభ సామాన్యమైంది కాదు. గరిక ఒక్కదానికే ఓర్వలేదు: దాని ఎండ దానికి దక్కకపోవడం. నాలుగురోజులు పలకలు కప్పి, దానిమీద కుర్చీలు వేసి చూడండి, పచ్చది కాస్తా పాలిపోతుంది.

2018 మార్చిలో తగువు ముదిరింది. అంతకుముందు ఏడాది అక్టోబరులో పదిహేడేళ్ళలోపు కుర్రవాళ్ళ ప్రపంచ కప్పు కోసం ఈ మైదానాన్ని కొత్తగా తీర్చిదిద్దారు. బ్రెజిల్, స్పెయిన్ కుర్రాళ్ళు ఆడారు. ఆ గడ్డి ఇంకా కొత్తచీర మడతలా ఉండగానే, నవంబరు 1న భారత్–వెస్టిండీస్ క్రికెట్ ఇక్కడ పెడతామన్నారు. అంటే నడిమధ్య తవ్వాలి. అభిమానులు గోలపెట్టారు. ‘కొచ్చి గడ్డిని కాపాడండి’ అన్నది నినాదమైంది. సునీల్ ఛెత్రీ గొంతు కలిపాడు. అన్నిటికంటె విడ్డూరం, అదే మైదానంలో రెండుసార్లు అయిదేసి వికెట్లు తీసిన టెండూల్కర్, అప్పటికి బ్లాస్టర్స్‌లో భాగస్తుడు, క్రికెట్ తిరువనంతపురంలో జరగనివ్వండి, ఫుట్‌బాల్ కొచ్చిలో ఉండనివ్వండి అని బహిరంగంగా కోరాడు. చివరికి ఆట తిరువనంతపురానికే వెళ్ళింది. అక్కడ వెస్టిండీస్ 104 పరుగులకి కుప్పకూలడంతో సాయంకాలానికే అందరూ ఇళ్ళకి చేరారు. దానికోసమా ఇంత గడ్డి తవ్వబోయారని కొచ్చివాళ్ళు నవ్వుకున్నారట.

మా సదస్సు సామెతలదే కనుక మాస్టారికి మన ఇద్దరు పెళ్ళాల ముద్దుల మొగుడి కథ చెప్పాను. చిన్నావిడ తెల్లవెంట్రుకలు పీకింది, పెద్దావిడ నల్లవెంట్రుకలు పీకింది, మొగుడికి బోడిగుండు మిగిలింది. మాస్టారు పగలబడి నవ్వి, వెంటనే నిలిచిపోయి, ‘ఇక్కడ మూడో ఆవిడ కూడా ఉంది మాషే’ అన్నాడు.

ఆయన చెప్పింది అంతకు కొద్దిరోజుల ముందటి మాట. 2024 డిసెంబరు 29న గిన్నిస్ రికార్డు కోసం ఇక్కడ దాదాపు 12 వేలమంది భరతనాట్యం చేశారు. ఆ సభలో ఒక శాసనసభ్యురాలు వేదిక మీదినుంచి పడి తీవ్రంగా గాయపడ్డారు. ఊరంతా ఆవిడ కోలుకోవాలని కోరుకుంటూంటే గడ్డి మాట ఎత్తడానికి అభిమానులకి నోరు రాలేదు. రాకపోవడమే మర్యాద. కాని మనసులో మెదలకుండా ఎలా ఉంటుంది? ‘నాట్యం మీద నాకు కోపం లేదు. మా అమ్మాయి కూడా నేర్చుకుంటోంది. టిక్కెట్టు కొని మేం అడిగేదల్లా, ఇల్లు అద్దెకిస్తే ఖాళీ చేసేటప్పుడు సున్నం ఎవరు కొట్టిస్తారూ అని’ అన్నాడు.

రెండో పక్షం మాట కూడా చెప్పాలి. ఒక సీజనులో ఇక్కడ ఫుట్‌బాల్ పట్టుమని పదిహేను ఆటలైనా ఉండవు. మిగతా రోజుల్లో అంత స్టేడియానికి దీపం, నీరు, కాపలా ఎవరు పెట్టాలి? అద్దెకివ్వకుంటే గడ్డి కోయించడానికి డబ్బుండదు; అద్దెకిస్తే కోయడానికి గడ్డి ఉండదు. నా మటుకు నాకు మాస్టారి పక్షమే సబబనిపించింది. అద్దె పుచ్చుకోండి, అందులో గడ్డి వాటా ముందు తీసిపెట్టండి. ఎవరు ఆ వాటా ఇస్తారని ఒప్పందంలో రాసుకోనిదే ఏ పండుగకీ తాళం తీయకండి.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన మా ఊరి సంగతి అడిగాడు. రహీంగారి ఊరు కదా అన్నాడు గౌరవంగా. సయ్యద్ అబ్దుల్ రహీం మాబోటి పంతులే. ఆయన తర్ఫీదులో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశం నాలుగో స్థానానికి వచ్చింది, 1962లో జకార్తాలో బంగారం వచ్చింది. వాళ్ళ కథలన్నీ చుట్టుకుని ఉండే ఫతే మైదాన్, నేటి లాల్ బహదూర్ స్టేడియం, ఎన్ని కాపురాలు చూసిందో చెప్పాను. 1955లో టెస్టు క్రికెట్. 1983లో రామారావుగారి ప్రమాణస్వీకారం, 2004లో రాజశేఖరరెడ్డిగారిది, 2023లో రేవంత్ రెడ్డిగారిది. ఇఫ్తార్ విందులు, క్రిస్మస్ విందులు. మాస్టారు చెయ్యి కడుక్కోవడం మాని వింటున్నాడు. ‘మీ ఊళ్ళో ఎవరూ అరవలేదా?’ అన్నాడు.

‘అరవడానికి పసుపు చొక్కాలు ఉండాలి కదండీ’ అన్నాను.

2025 అక్టోబరులో మన హైదరాబాదు క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మా వీధిలో దాని గురించి ఒక్కరూ మాట్లాడుకోలేదు. మాస్టారు మాత్రం ఫోను చేసి, చావు కబురు పలకరించినట్టు మెల్లగా మాట్లాడాడు. బాకీ ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలో తెలియడం లేదన్నాడు. అప్పటికి కలూరులో మరమ్మతులు సాగుతున్నాయి. నవంబరులో అర్జెంటీనా జట్టు వస్తుందని ఊరంతా ఎదురుచూస్తోంది. ఆ నవంబరులో అర్జెంటీనా రాలేదు. నేను ఫోను చేసి పరామర్శించబోయాను.

‘మెస్సీ సంగతి అలా ఉంచండి మాషే’ అన్నాడాయన. ‘మధ్యలో తవ్వారో లేదో చూడ్డానికి రేపు వెళ్తున్నాను. కాపలావాడు మా పాత విద్యార్థే, లోపలికి పంపిస్తానన్నాడు.’