గుణదల మెట్లమీద

లూర్దుమాత పండుగకు ఇంకను వారము దినముల గడువుండగనే గుణదల కొండక్రింద పందిళ్లకు గుంజలు పాతుచుండిరి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అచట నిలువ చోటుండదనియు, ఆ సందడిలో చూడదలచినది చూచుట పొసగదనియు నెంచి నేను ముందుగనే పోయితిని. ఏలూరు రోడ్డున బస్సు దిగి నాలుగడుగులు వేయునంతలో కొవ్వొత్తులు, కొబ్బరికాయలు అమ్ము బాలిక యొకతె యెదురయ్యెను, పదునాలుగేండ్లుండవచ్చును. “ఏమే పిల్లా, కట్ట ఎంత?” అని గదమాయించి, ఆమె చెప్పిన వెలలో రెండు రూపాయలు తగ్గించి కొని, ఏదో గెలిచినవానివలె మెట్లకడకు నడచితిని.

అచట నాకొరకు వేచియున్న పెద్దమనిషి, పల్లెల కతోలిక విచారణలలో నలువదేండ్లు ఉపదేశిగా పనిచేసి విశ్రమించినవారు. గురువు నెలకొకమారు వచ్చు ఊళ్లలో మిగిలిన దినములన్నియు జపము చెప్పించుట, పిల్లలకు జ్ఞానోపదేశము నేర్పుట, చావుకును పెండ్లికిని ముందు నిలుచుట ఉపదేశి పనియే గావున, వారి జ్ఞానము పుస్తకములనుండి కాక నోటినుండి నోటికి వచ్చినది.

మెట్లెక్కుచు ఆయన స్థలచరిత్ర చెప్పిరి. అర్లాతి అను ఇటలీ దేశపు గురువు, మిలానునగర మిషనరీ సభకు చెందినవాడు, ఇచటి అనాథాశ్రమమునకు పెద్దగ నుండి, 1924లో ఈ కొండచరియను మరియమ్మ స్వరూపమును నిలిపెను. 1933లో కొండకొమ్మున ఇనుపసిలువ వెలసెను. 1937లో బెజవాడ ప్రత్యేక మేత్రాసనమయ్యెను. ఊరికి ఆవలి కొసను ఇంద్రకీలాద్రిపై కనకదుర్గ, ఈవల గుణదలపై మరియమ్మ యని పోల్చుట ఎవరికైనను సులభము. సులభముగ తోచిన పోలికను నేనంతగా నమ్మను.

అయినను గుహయెదుట కొబ్బరికాయ పగులు చప్పుడు వినగానే ఆగితిని. తలనీలాలిచ్చి పసుపు పూసికొనిన బిడ్డనెత్తుకొని ఒక తల్లి మోకరించి యుండెను. “ఇది ఆరాధన కాదా?” అని అడిగితిని. వృద్ధుడు నవ్వి, “కాదండి అయ్యగారూ. ఆరాధన దేవుడొక్కడికే. అమ్మకి వందనం. మనవి చెప్పుకుంటాం, ఆమె కొడుక్కి చెబుతుంది” అనిరి. 787లో రెండవ నైసీయా మహాసభ ప్రతిమలకు చెల్లు వందనమును, దైవమునకు మాత్రమే చెల్లు ఆరాధనను వేరుపరచుటకు చేసిన సుదీర్ఘ విచారణను చదివినవాడనే గాని, దానిని మూడు వాక్యములలో ఇమిడింపవచ్చునని నాకంతవరకు తోచలేదు.

పిమ్మట జపమాల ఆరంభమయ్యెను. నేను వచ్చినది వాస్తవమునకు దీనికొరకే. అందు మరల మరల వచ్చు మంగళవార్త జపములోని మొదటి రెండు భాగములు లూకా సువార్త మొదటి యధ్యాయములోనివి: ఒకటి గబ్రియేలు దూత పలుకు, రెండవది ఎలిసబేతమ్మ పలుకు. కడపటి మనవి శ్రీసభ చేర్చినది. 1568లో ఐదవ భక్తినాథ పాపుగారు ప్రచురించిన ప్రార్థనగ్రంథముతో నేటి రూపము స్థిరపడెను. దూత మరియమ్మను పిలిచిన పిలుపు గ్రీకున ఒక్క పదము, కృపను పొందియున్నదని దాని యర్థము. జెరోము నాలుగవ శతాబ్ది చివర దానిని లాటినులోనికి తెచ్చునపుడు కృపతో నిండినదనెడి యర్థమున గ్రహించెను. ప్రొటెస్టెంటుల తెలుగు బైబిలు గ్రీకును వెంబడించి ‘దయాప్రాప్తురాలు’ అనెను. కతోలిక జపము జెరోమును వెంబడించి, కృప యనక ‘వరప్రసాదము’ అని, అది నిండినదని చెప్పెను. ప్రసాదమనిన మాట తెలుగువాని నాలుకపై నెట్టి రుచి కలిగియుండునో ఆ మాటనేరినవారికి తెలియకపోలేదు. ఫ్రెంచి జెస్వితులు కర్ణాటక మిషనున తెలుగు నేర్చిన తీరు అట్టిది. వారిలో కూర్దో యనువాడు తెలుగు నిఘంటువు కూర్చెను. సంస్కృతము లాటిను గ్రీకులకు తోబుట్టువని విలియం జోన్సుకన్న ముందే, 1767లో, పారిసు పండితులకు వ్రాసిపంపెను. ఆ శతాబ్దిననే మంగళగిరి ఆనందకవి క్రీస్తుచరిత్రను ‘వేదాంతరసాయన’మను పేర ప్రబంధముగ రచించెను.

నా చెవిని పట్టినది మరియొకటి. పరలోక జపమున ప్రొటెస్టెంటులు దేవుని ‘నీవు’ అందురు. కతోలికులు ‘మీరు’ అందురు. ప్రభువు వారికి ‘ఏలినవారు’, జమీందారుని కచేరీలో చేతులు కట్టుకొని పలికిన మాటయే. ‘నీవు’లో సాన్నిహిత్యమున్నది, కాదనను, మన భక్తకవులందరును దైవమును నీవనియే పిలిచిరి. కావున ఈ ‘మీరు’ నాకు కొంత దూరముగ, దొరతనమునకు లొంగిన భాషగ తోచెను. ఆ సంగతి అడుగగా వృద్ధుడు సమాధానము చెప్పక బెర్నదెత్తమ్మ కథ యెత్తుకొనిరి.

1858 ఫిబ్రవరి 11. ఫ్రాన్సున లూర్దు అను చిన్న పట్టణము. తిరుగలి పోగొట్టుకొని, పూర్వము చెరసాలగ నుండిన ఒంటిగదిలో తలదాచుకొనిన పిండిమరవాని కూతురు. పదునాలుగేండ్లది, ఉబ్బసముతో బాధపడునది, చదువురానిది. పుల్లలేరబోయి మస్సాబియేలు గుహలో తెల్లని వస్త్రముల స్త్రీమూర్తిని చూచెను. జూలై వరకు పదునెనిమిది దర్శనములు. మార్చి 25న ఆ మూర్తి తాను నిష్కళంకోద్భవినని తెలిపెను. నాలుగేండ్లక్రిందట, 1854లో, తొమ్మిదవ భక్తినాథుడు విశ్వాససత్యముగ ప్రకటించిన ఆ వేదాంతపదము అర్థముగాక, మరచిపోదునేమో యని దారిపొడవున వల్లించుకొనుచు ఆ పిల్ల విచారణ గురువుకడకు పరుగెత్తెను.

“అదంతా చదివే ఉంటారు మీరు,” అనిరి వృద్ధుడు. “కాని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది దేనికో తెలుసాండి? మూడోసారి కనబడ్డప్పుడు, పదిహేను రోజులు ఇక్కడికి వచ్చే దయ ఉంటుందా అని ఆ తల్లి అడిగింది. తమ ఊరి యాసలోనే అడిగింది. మీరు అని అడిగింది. అంతకుముందు ఆ పిల్లని మీరు అన్నవాళ్లు లేరు.”

నేను బదులు పలుకలేదు. గుహయెదుట జపము నాలుగవ పదికి వచ్చియుండెను. మోకరించిన తల్లి ఒడిలో బోడితల బిడ్డ నిద్రపోయెను. నా చేతిలోని కట్ట విప్పి కొవ్వొత్తులన్నియు వెలిగించితిమి. గాలికి రెండు ఆరిపోగా ఆయన తన చేయి అడ్డుపెట్టి మరల వెలిగించిరి.

దిగివచ్చునప్పటికి చీకటిపడెను. ఆ బాలిక మిగిలిన కాయలను గోనెసంచిలో సర్దుకొనుచుండెను. “ఇంకొక కట్ట ఇస్తారా అండీ?” అంటిని. ఆమె నావైపు చూచి, పిదప నేనెవరితో మాటలాడుచున్నానో యని వెనుకకు తిరిగి చూచెను.